బూడిద పీల్చుకునేలోపు

పోయిన వారం మా బడికి మధ్యాహ్న భోజనం బియ్యం దింపడానికి వచ్చిన ట్రాలీ ఆటో వరండా ముందు సిమెంటు గచ్చు మీద చాలాసేపు ఆగింది. అది వెళ్ళాక చూస్తే గచ్చు మీద పళ్ళెమంత నల్లటి మరక. ఎండకి కాగిన సిమెంటు మీద ఇంజనాయిల్ పడితే వచ్చే వాసన ఒకటుంటుంది, కాస్త తీపిగా, కాస్త వెగటుగా. అది ఎనిమిదో తరగతి గది దాకా వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఆయా బకెట్టు ఎత్తి మరక మీద కుమ్మరించబోతోంది. లెక్క మధ్యలో వదిలేసి, సుద్దముక్క చేతిలో ఉండగానే బయటికి పరుగెత్తాను. "నీళ్ళు పొయ్యకు. ముందు పీల్చాలి, తర్వాత కడగాలి. ఎన్నిసార్లు చెప్పాలి?" అని కసిరాను. పాపం, ఆయాకి అంతకుముందు నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. బిత్తరపోయి చూసింది. ఆ మాట నాది కాదు, ఆ కసురూ నాది కాదు. రెండూ కామేశ్వరి టీచరు గారివి. ఆవిడ పోయి చాలా కాలమైంది కాని నన్ను మాత్రం వదల్లేదు. ఇదేదో మురిసిపోతూ చెబుతున్నాననుకునేరు, కాదు.

మీరెవరూ ఆవిడని ఎరగరు కాబట్టి మొదటినుంచీ చెబుతాను. కామేశ్వరి టీచరు గారు రాజమండ్రిలో మా ఇంటి యజమానురాలు. ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయారు, పిల్లల్లేరు, కాకినాడలో ఒక తమ్ముడు మాత్రం ఉండేవాడు. ఇంటి వెనక భాగం అద్దెకిచ్చేవారు. గేటు దగ్గర్నుంచి వీధి మెట్ల దాకా సిమెంటు గచ్చు చేయించుకున్నారు. అదంటే ఆవిడకి ప్రాణం. రోజూ తెల్లారేసరికి దాని మీద ముగ్గు పడేది. శుక్రవారం అయితే గచ్చంతా నిండే పెద్ద ముగ్గు. లెక్కల టీచరు కదా, చుక్కలు స్కేలు పెట్టి కొలిచినట్టు ఉండేవి. ఆ ముగ్గు దాటుకుని వెళ్ళాల్సిందే తప్ప దాని మీద కాలు పెట్టిన మనిషి ఆ ఇంట్లో బతికి బట్టకట్టలేదు.

మాకు అప్పుడే పెళ్ళయింది. మా ఆయన ప్రసాద్‌కి సొంత వ్యాన్ ఉండేది. అన్నవరం వెళ్ళే యాత్రికుల్ని తిప్పేవాడు. మా అమ్మా నాన్నా మండపేటలో ఒక రైసుమిల్లులో పనిచేసేవారు. ఆదివారాలు మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. తొంభైల చివర్లో రాజమండ్రిలో మాలాంటి వాళ్ళకి అద్దె ఇల్లు దొరకడమంటే ఎంత కష్టమో పడ్డవాళ్ళకి తెలుసు. ఇల్లంతా చూపించి, బావి నీళ్ళు తీపి అని కూడా చెప్పి, చివర్లో "మీరేవిట్లండీ?" అని కులం అడిగేవారు. చెప్పగానే ఆ ఇల్లు వాళ్ళ అల్లుడి కోసం అట్టేపెట్టిందని ఆ క్షణంలోనే గుర్తొచ్చేది. టీచరు గారు ఒక్కరే ఆ ప్రశ్న వేయలేదు. నా పేరు సుగుణ అనీ, మా మామగారి పేరు యోహాను అనీ విని, "నాకు కులాల పట్టింపు లేదు. నూనె మరకల పట్టింపు ఉంది. వ్యాన్ లోపల పెట్టుకోండి, కాని గచ్చు మీద మరక కనిపించకూడదు. మరక మీద ముగ్గు పట్టదు" అన్నారు. "ఆయ్, పడితే మా ఆవిడ తుడిచేత్తాదండి" అన్నాడు మా ఆయన, నన్నొక్క మాట అడగకుండా. ఆ సంతోషంలో నేను కూడా తల ఊపేశాను. ఇల్లు దొరికింది. అంతకుమించి నాకేం కావాలి?

వ్యాన్ మొదటి వారంలోనే కారింది. నేను అందరిలాగే నీళ్ళు పోసి సబ్బుతో తోమాను. మరక రెండింతలై కూర్చుంది. అప్పుడు నా మిల్లు బుర్ర పనిచేసింది. మండపేటలో మిషన్ల కింద నూనె పడితే చేతికందిన తవుడు దోసెడు చల్లేసి ఊడ్చేవారు. మా నాన్నతో చెబితే మెత్తటి తవుడు ఒక మూట పంపాడు. గురువారం సాయంత్రం మరక మీద మందంగా పరిచి, కాళ్ళతో తొక్కి, నా తెలివికి నేనే సంతోషపడి పడుకున్నాను. తెల్లారి లేచి చూద్దును కదా, గేటు తోసుకుని ఎవరిదో ఆవు లోపలికొచ్చి గచ్చంతా నాకుతోంది. టీచరు గారు ముగ్గుచిప్పతో మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఆవుని తోలాక చూస్తే నలుపు కాస్త తగ్గింది కాని దాని చుట్టూ పచ్చగా జిడ్డు మరక కొత్తది తేలింది. చీమలు బారులు తీరాయి.

"ఏ ఊరమ్మా నీది?" అన్నారు ఆవిడ చాలా నెమ్మదిగా.

"మండపేటండి."

"తవుడు పిండి నూనె తీస్తారని మండపేట పిల్లకి తెలీదా?"

"తెలుసండి."

"మరి నూనె మీద నూనె పోస్తే మరకెలా పోతుందనుకున్నావు? మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అవుతుంది కదా, అలాంటిదేదో జరుగుతుందనుకున్నావా? ఇది ప్లస్సూ ప్లస్సూనమ్మా. పైగా శుక్రవారం పూట గోవు చేత ఇంజనాయిల్ తినిపించావు."

ఆ రోజు నాకు మరక తీయడం నేర్పించారు. మిల్లులో ఊక తగలేస్తే మిగిలే బూడిద తెప్పించారు. అది పొడిగా మరక మీద చల్లి, పాత ఇటుకతో అదిమి, గంటసేపు ముట్టుకోకూడదు. బూడిద నూనెని పీల్చుకుంటుంది. దాన్ని ఊడ్చేసి, చాకలి సోడాలో మరికాస్త బూడిద కలిపి ముద్ద చేసి కొబ్బరిపీచుతో రుద్దాలి. వేన్నీళ్ళు ఆఖర్న. తొందరపడి ముందు నీళ్ళు పోస్తే నూనె సిమెంటు లోపలికి దిగుతుంది, ఇక ఎవరి తరమూ కాదు. యాసిడ్ జోలికి మాత్రం పోవద్దన్నారు. మరక పోతుంది, దాంతోపాటు గచ్చూ పోతుంది, ఆ చోటు తెల్లగా గరుకుగా మిగిలి మరకకంటే ఎక్కువ కనబడుతుందన్నారు. ప్రతి గురువారం సాయంత్రం వ్యాన్ వచ్చాక నేను బూడిద పరిచేదాన్ని, శుక్రవారం ముగ్గుకి గచ్చు సిద్ధంగా ఉండాలి కాబట్టి.

బూడిద పీల్చుకునే ఆ గంట నా బతుకుని మార్చింది. మొదటిసారి బూడిద పరిచి నేను మెట్ల మీద చతికిలబడితే, "ఊరికే కూర్చుంటావేం? ఏం చదువుకున్నావు?" అని అడిగారు. ఇంటర్ అండి, లెక్కల్లో పోయిందండి అన్నాను. ఆవిడ ముఖం ఎవరో ఇంట్లో దొంగతనం చేశారని విన్నట్టు మారిపోయింది. "లెక్కల్లో పోవడమేంటి? లెక్కలు ఎక్కడికీ పోవు. నువ్వే ఎక్కడికో పోయుంటావు" అంటూ ముగ్గు గీసే సుద్ద తీసుకుని, మరక లేని చోట గచ్చు మీద ఒక లెక్క రాశారు. నాకు రాలేదు. మళ్ళీ రాశారు. చీకటి పడేసరికి గచ్చు మీద ఒకవైపు బూడిద, ఒకవైపు లెక్కలు. ఆఖర్న వేన్నీళ్ళు పోసి రెండూ కలిపి కడిగేశాను. అలా మొదలైంది. ఇంటర్ గట్టెక్కాను. ఇంట్లోంచే ప్రైవేటుగా డిగ్రీ చదివించారు. ఆ తర్వాత బీఈడీ అన్నారు. మా ఆయన గొణిగితే, "పరీక్షలయ్యేదాకా హోటల్లో తిను ప్రసాదూ. ఈ పిల్లని వంటింట్లోకి తోశావంటే రేపట్నుంచి నీ వ్యాన్ రోడ్డు మీద పెట్టుకోవాలి" అని బెదిరించారు. ఆవిడ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నా విషయంలో ఆ మొండితనం నాకు మేలే చేసింది. అది కాదనలేను, కాదనగలిగితే ఎంత బావుండును.

పాఠం ఎప్పుడూ మెట్ల మీదే. ఆవిడ పై మెట్టు మీద, నేను కింద మెట్టు మీద. వానొస్తే ఆవిడే గొడుగు వేసుకుని మా వరండాలోకి వచ్చేవారు. నన్ను వాళ్ళ హాల్లోకి రమ్మని ఎన్నడూ అనలేదు. అప్పట్లో అది నా కంటికి ఆనలేదు. వీధిలో ఎవరైనా అడిగితే, "నా కూతురులాంటిదండి" అనేవారు. ఆ మాట విన్న రోజు నేను మా ఆయనకి రెండుసార్లు చెప్పాను. మా అమ్మకి మండపేట వెళ్ళి మరీ చెప్పాను. మా అమ్మ ఊక ధూళితో నిండిన తల విదుల్చుకుంటూ, "లాంటిది అన్నారు కదే" అంది. నాకు ఒళ్ళు మండింది. కన్నతల్లికే ఓర్వలేనితనం ఏంటనుకున్నాను.

బీఈడీ ఫలితాలొచ్చాక టీచరు గారు నాకంటే ఎక్కువ పొంగిపోయారు. ఆవిడ పనిచేసిన స్కూల్లో లెక్కల టీచరు పోస్టు ఖాళీ ఉంది. కరస్పాండెంటుగారికి ఆవిడ మాటంటే వేదం. "వచ్చే ఆదివారం ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాను. ఆయన వస్తున్నారు. అందరి ముందూ పరిచయం చేస్తాను. మంచి చీర కట్టుకుని రా. తల దించుకుని మాట్లాడకు. నువ్వు నా శిష్యురాలివి" అన్నారు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఆ ఒక్క మాటతో మిల్లు కూలీల కూతురినైన నేను టీచర్నైపోతాను. ఆ ఆదివారం నేను చర్చికి కూడా వెళ్ళలేదు. గంజి పెట్టిన మామిడిపిందె రంగు నేత చీర కట్టుకున్నాను. మా ఆయన వ్యాన్ తీస్తూ, "ఇయ్యాల్టి నుంచి నేను కూడా నిన్ను మీరు అనాలేమో" అని నవ్వి వెళ్ళిపోయాడు.

టీచరు గారి తమ్ముడు పొద్దున్నే భార్యతో కలిసి కాకినాడ నుంచి సెకండ్‌హ్యాండ్ కారులో వచ్చి, దాన్ని సరాసరి గచ్చు మీదికి ఎక్కించాడు. వచ్చేవాళ్ళకి అడ్డమని కాసేపటికి కారు తీస్తే, ముగ్గు మధ్యలో ఇంత నల్లటి మరక. ఆయన చూసి, "పాత బండి కదక్కా, కాస్త కారుతుంది" అని చేతులు దులుపుకుని లోపలికి పోయాడు. మా వ్యాన్ చుక్క కారిస్తే వీధంతా వినబడేలా దండకం చదివే మనిషి, తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. మెట్ల మీద పట్టుచీరలో నిలబడి ఆ మరకనే చూశారు. తర్వాత, అప్పుడే వచ్చి కింద నిలబడిన నన్ను చూశారు.

"సుగుణా, వ్రతం చేయించే బ్రహ్మగారు వచ్చే వేళయింది. కాస్త ఆ మరక చూడమ్మా."

నేను చీర వంక చూసుకున్నాను. "పనమ్మాయి ఉంది కదండీ" అన్నాను.

"దానికి చేతకాదు, ఇంకా పులుముతుంది. నీది అలవాటైన చెయ్యి. కొంగు దోపుకో."

దోపుకున్నాను. ఎందుకు దోపుకున్నావని మా ఆయన తర్వాత అడిగాడు. ఏం చెప్పను? ఆవిడ చెప్పిన పని చేయకపోవడం నాకు తెలియదు, ఆవిడే కదా చదువు చెప్పింది. బూడిద పీల్చుకోవడానికి గంట లేదు. ఇటుకతో గట్టిగా అదిమి, వెంటనే ఊడ్చేసి, సోడా ముద్దతో మోకాళ్ళ మీద కూర్చుని రుద్దుతున్నాను. గోళ్ళ సందుల్లోకి సోడా దిగి మండుతోంది. గేటు చప్పుడైంది. తెల్లటి పంచె కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన లోపలికొచ్చి, కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, నా పక్కనుంచి తప్పుకుని మెట్లెక్కారు. ఆయనే కరస్పాండెంటుగారని టీచరు గారి నమస్కారం చూసి తెలుసుకున్నాను.

"పనిమనిషిని కొత్తగా పెట్టారా టీచరు గారూ?" అన్నారాయన.

నేను తలెత్తాను. ఆవిడ నన్ను చూశారు. ఆవిడ చూడలేదని నాకు నేను చెప్పుకోవడానికి వీలు లేకుండా చూశారు. ఇప్పుడు అంటారు, ఇదిగో అంటారు అనుకున్నాను. చేతిలో పీచు పట్టుకునే లేవబోయాను కూడా.

"లేదండీ, చాలాకాలంగా ఉంటోంది. నమ్మకమైన పిల్ల. రండి, లోపలికి రండి" అన్నారు.

మిగిలిన మరక తీశాను. నేను ఎన్నడూ అంత బాగా తీయలేదు. ఆ చోట మరక ఉండేదని చెప్పినా ఎవరూ నమ్మరు. తర్వాత మా వాటాలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాను. మోకాళ్ళ దగ్గర చీర తడిసి నల్లబడింది. లోపల వ్రతకథ చదువుతున్నారు, కథ అయినప్పుడల్లా గంట కొడుతున్నారు. ఎవరైనా పిలవడానికి వస్తారేమోనని చాలాసేపు చూశాను. మధ్యాహ్నం పనమ్మాయి ఆకులో ప్రసాదం తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళింది.

చుట్టాలంతా వెళ్ళాక సాయంత్రం ఆవిడే వచ్చారు. ప్రసాదం అలాగే ఉండడం చూశారు.

"ఆయన నన్ను పనిమనిషి అన్నారండి" అన్నాను.

"విన్నాను."

"కాదని మీరు అనలేదండి."

"తమ్ముడూ మరదలూ పీటల మీద కూర్చునే వేళ ఆ వాదనలేంటి? అన్నాడే అనుకో, నీ దగ్గర్నుంచి ఏం ఊడిపోయింది?"

"ఉద్యోగం సంగతి చెప్పారాండి?"

ఆవిడ కాసేపు పట్టుచీర అంచు సర్దుకున్నారు. "ఎలా చెప్పమంటావు సుగుణా? పొద్దున్న గచ్చు తోముతూ కనబడిన మనిషిని లెక్కల టీచరుగా పెట్టుకోమంటే ఆయన నవ్వడూ? నీదే కాదు, నా మర్యాదా పోతుంది. కొన్నాళ్ళు పోనీ, ఆయన మర్చిపోతాడు. అప్పుడు చెబుతాను."

"తోమమంది మీరే కదండీ."

ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యంలో నటన ఏమీ లేదు, నన్ను ఇప్పటికీ కాల్చేది అదే. "నేను కాక ఇంకెవరు చెబుతారు? నా పిల్లవనే కదా నీకు చెప్పాను. పరాయిదానివైతే చెబుతానా?" అన్నారు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అది ఎవరి మీదికి విసరాలో తెలియలేదు. కొన్నాళ్ళకే ఆ ఇల్లు ఖాళీ చేశాం. "చెరువు మీద అలిగినట్టుంది నీ యవ్వారం. ఆవిడకేంటి, ఇంకోళ్ళు దిగుతారు" అన్నాడు మా ఆయన, సామాను వ్యాన్‌లోకి ఎక్కిస్తూ. వెళ్ళేరోజు ఆవిడ మెట్ల మీద నిలబడి, "డీఎస్సీకి చదువు. క్షేత్రగణితంలో నువ్వింకా తడబడుతున్నావు" అన్నారు. మండపేట వెళ్ళి, మా అమ్మవాళ్ళ ఇంట్లో కూర్చుని, ఆవిడ మీద పగ పట్టినట్టు చదివాను. డీఎస్సీ పరీక్షలో క్షేత్రగణితం ప్రశ్న చదువుతుంటే సిమెంటు గచ్చు మీద ఆవిడ గీసిన బొమ్మ కళ్ళ ముందుకొచ్చింది. ఆ లెక్క చేశాను. ఉద్యోగం వచ్చింది. ఆవిడ మామూలు చెడ్డమనిషి అయినా బావుండేది, నాలుగు తిట్లు తిట్టుకుని మర్చిపోయేదాన్ని. అన్నం పెట్టిన చెయ్యీ, చెంప మీద కొట్టిన చెయ్యీ ఒకటే అయితే ఆ చేతిని ఏం చేయాలో నాకు ఎవరూ చెప్పలేదు.

నాకు గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందని తెలిసి, ఆవిడ వీధంతా "నా శిష్యురాలు" అని చెప్పుకున్నారని విన్నాను. ఆ మాట ఇక నాకు అక్కర్లేని రోజుల్లో ఎందరికి చెప్పారో. ఒకసారి రమ్మని కబురు కూడా పెట్టారు. వెళ్ళలేదు. స్కూలు పని అన్నాను, జ్వరం అన్నాను. ఆవిడ పోయారని తెలిశాకే వెళ్ళాను. పెద్దకర్మ రోజు అది. అప్పటికి మా ఆయన ఆ వ్యాన్ అమ్మేశాడు. నేను ఆర్టీసీ బస్సు దిగి నడుచుకుంటూ వెళ్ళాను.

హాలు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల దండ వేసిన ఫోటో, చుట్టూ కుర్చీలు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామంది వచ్చారు. బ్యాంకులో చేసేవాళ్ళు, ఇంజనీర్లు, ఒకరిద్దరు టీచర్లు. ఒక్కొక్కరే లేచి ఆవిడ గురించి నాలుగు మాటలు చెబుతున్నారు. అందరూ ఆవిడ కసుర్ల గురించే చెప్పి నవ్విస్తున్నారు, చివర్లో కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. నా దగ్గర చెప్పడానికి వాళ్ళందరికంటే ఎక్కువే ఉంది. బస్సులో వస్తూ వాక్యాలు కూడా అనుకున్నాను. ఆవిడ లేకపోతే నేను మిల్లులో ఊక ఎత్తుకుంటూ ఉండేదాన్ని అన్న మాటతో మొదలుపెట్టాలనుకున్నాను.

ఆవిడ మరదలు నన్ను చూసి దగ్గరికొచ్చింది. నన్ను గుర్తుపట్టలేదు. "మీరు కూడా వదినగారి శిష్యులాండి? రండి, ముందుకొచ్చి కూర్చోండి. మీరూ రెండు మాటలు చెప్పాలి" అంది మర్యాదగా, చెయ్యి పట్టుకుని.

"కాదండి" అన్నాను. "వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళం."

"అలాగాండి" అని నా చెయ్యి వదిలేసి, ఆఖరి వరసలో ఖాళీ కుర్చీ చూపించింది. తిరుగు బస్సు టైమయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. ఆ మాట అనడానికి నేను తడుముకోలేదు. ఒక మనిషిని ఒక్క వాక్యంతో, ఎంతో మర్యాదగా, లేకుండా చేయడం ఎలాగో ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆవిడ నేర్పిన మిగతావన్నీ పిల్లలకి చెప్పేశాను. ఇదొక్కటే ఇంకా నా దగ్గర ఉంది.